భార్య సంతకం చేసి తీసుకున్న సర్టిఫైడ్ మెయిల్ భర్తకు అందినట్టేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ కాపురం ఒహాయోలో. మీరు ఇండియా వెళ్ళి ఉండగా మార్చి 6న మీ పేరిట సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక కవరు వచ్చింది. మీ శ్రీమతి సంతకం చేసి తీసుకుని, మీ పేరు మీద వచ్చింది కదా అని విప్పకుండా పక్కన పెట్టారు. మీరు 22న వచ్చి విప్పితే అందులో కౌంటీ కోర్టు సమన్లు, ఇంటి మరమ్మతులు చేసిన కాంట్రాక్టరు మీ మీద వేసిన దావా ప్రతి ఉన్నాయి. సంతకం మీది కాదు కనుక చట్టరీత్యా అవి మీకు అందనట్టే కదా, అది కాకపోయినా గడువు లెక్క కనీసం 22 నుంచే మొదలవుతుంది కదా అని అడిగారు.

రెండింటికీ సమాధానం కాదు అనే. మీ విషయంలో సమన్లు మార్చి 6నే అందినట్టు లెక్క. ఒహాయోలో జవాబు దాఖలు చేయడానికి 28 రోజులు ఇస్తారు, అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. కాబట్టి మీ ఆఖరి రోజు ఏప్రిల్ 3, మీరు అనుకుంటున్నట్టు 19 కాదు. నేను న్యాయవాదిని కాను. పద్దెనిమిదేళ్ళుగా న్యాయవాదుల కార్యాలయంలో సమన్లు పంపించడం, తిరిగివచ్చిన రసీదులు సరిచూసి కోర్టులో దాఖలు చేయడం నా పని. ఆ అనుభవంతో ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే సంతకం మరో రాష్ట్రంలోనో మరో రకం కాగితం మీదో పడి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది.

ముందుగా పోస్టాఫీసు నియమాన్నీ కోర్టు నియమాన్నీ విడదీసి చూడాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది పొరబడతారు. సర్టిఫైడ్ మెయిల్ అంటే పంపినట్టు రసీదు, చేరినట్టు రికార్డు ఉండే ఉత్తరం, అంతే. దానితోపాటు రిటర్న్ రిసీట్ కోరితే 3811 నంబరు గల చిన్న పచ్చ అట్ట ముక్క కవరుకు అంటించి వస్తుంది. మా కార్యాలయంలో అందరూ దాన్ని గ్రీన్ కార్డు అంటారు. కొత్తగా చేరిన మన తెలుగు అమ్మాయి ఒకరు, ‘ప్రతివాది గ్రీన్ కార్డు వచ్చిందా’ అని మా న్యాయవాది అడిగితే, అది ఇమ్మిగ్రేషన్ కేసేమో అనుకుని ఫైలంతా వెతికారు. ఆ కార్డు మీద సంతకం గీత పక్కన రెండు గడులు ఉంటాయి, ఒకటి చిరునామాదారుకు, రెండోది ఏజెంటుకు. ఇంట్లో ఉన్న భార్యో భర్తో సంతకం చేసినప్పుడు రెండో గడిలో గుర్తు పెట్టాలి. నేను చూసిన కార్డుల్లో ఎక్కువ భాగం ఏ గడిలోనూ గుర్తు లేకుండానే వచ్చాయి.

పోస్టల్ నియమాల ప్రకారం మామూలు సర్టిఫైడ్ మెయిల్‌ను చిరునామాదారుకే ఇవ్వాలన్న నిబంధన లేదు, ఆ ఇంట్లో ఉండే బాధ్యత గల మరొకరికి కూడా ఇవ్వవచ్చు. ఫలానా మనిషికి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని పంపినవారు అనుకుంటే అదనపు రుసుము కట్టి ‘రిస్ట్రిక్టెడ్ డెలివరీ’ కోరాలి. అప్పుడు చిరునామాదారుకో, ఆయన ముందే రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన ఏజెంటుకో మాత్రమే ఇస్తారు. భార్య అయినంత మాత్రాన ఆ అధికారం దానంతట అదే రాదు. భర్త ఉత్తరాల పంపిణీని భార్య గాని, భార్య ఉత్తరాల పంపిణీని భర్త గాని అదుపు చేయడానికి వీల్లేదని కూడా పోస్టల్ నియమాల్లోనే ఉంది. మీ కవరు మీద రిస్ట్రిక్టెడ్ డెలివరీ ముద్ర ఉందేమో చూసుకోండి. అయితే ఒహాయో కోర్టు క్లర్కు మామూలుగా పంపే సమన్లకు అది ఉండదు, ఉండవలసిన అవసరం కూడా లేదు.

అవసరం లేదనడానికి కారణం ఒహాయో సివిల్ రూల్ 4.1. సర్టిఫైడ్ మెయిల్‌లో సమన్లు పంపితే, ‘ఏ వ్యక్తి అయినా’ సంతకం చేసిన రిటర్న్ రిసీట్ దానికి సాక్ష్యంగా సరిపోతుందని ఆ నియమం చెబుతుంది. ప్రతివాదే సంతకం చేయాలని అందులో లేదు. సరైన చిరునామాకు వెళ్ళి, ఎవరో ఒకరి సంతకంతో కార్డు తిరిగివస్తే సమన్లు అందినట్టేనని కోర్టు అనుకుంటుంది, అందలేదని చూపించే భారం ప్రతివాది మీద పడుతుంది. మీ సొంత ఇంటికి వెళ్ళింది, మీతో కాపురం చేస్తున్న మీ భార్య సంతకం చేశారు, కాగితాలు చివరికి మీ చేతికే వచ్చాయి. ఇంత ఉన్నాక ఆ భారం మోయడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఇది అన్యాయం కాదా, రాజ్యాంగం ఒప్పుకుంటుందా అని మీకు అనిపించవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1950లో ముల్లేన్ కేసులో పెట్టిన కొలత ఇప్పటికీ నడుస్తోంది: పరిస్థితులన్నీ చూసుకుని, సంబంధిత వ్యక్తికి విషయం తెలిసేలా సహేతుకమైన ప్రయత్నం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న, అతనికి నిజంగా తెలిసిందా అన్నది కాదు. 2002లో డూసెన్‌బెరీ కేసు ఈ తేడాను చాలా గట్టిగా చూపించింది. జైల్లో ఉన్న ఒక ఖైదీకి అతని సొమ్ము జప్తు చేయబోతున్నామని ఎఫ్‌బీఐ సర్టిఫైడ్ మెయిల్ పంపింది, దానికి జైలు ఉద్యోగి సంతకం చేశాడు. ఆ ఉత్తరం తన చేతికి రానేలేదని ఖైదీ వాదించాడు. సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో, ప్రభుత్వం ఎంచుకున్న పద్ధతి సహేతుకమైనదే కనుక అది చాలునని తేల్చింది. జైలు గుమాస్తా సంతకమే చెల్లినప్పుడు ఇంట్లో భార్య సంతకం చెల్లదని రాజ్యాంగం పేరుతో వాదించడం అంత తేలిక కాదు.

అయితే భార్యాభర్తల సంగతిలో ఇంతకన్నా దగ్గరగా వచ్చే కేసు 2006 నాటి జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్. ఆర్కాన్సాలో ఒకాయన 1967లో ఇల్లు కొని, 1993లో భార్య నుంచి విడిపోయి అపార్ట్‌మెంటుకు మారారు. భార్య మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయారు. రుణం ఉన్నన్నాళ్ళూ తనఖా కంపెనీ పన్ను కడుతూ వచ్చింది, అది 1997లో తీరిపోయాక పన్ను కట్టేవారు లేకపోయారు. ఇల్లు అమ్మేస్తామని రాష్ట్రం పంపిన సర్టిఫైడ్ ఉత్తరాన్ని ఎవరూ తీసుకోకపోవడంతో అది వెనక్కి వచ్చింది. ఉత్తరం అందలేదని పంపినవారికే తెలిసినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోకూడదు, వీలైన మరో ప్రయత్నం చేయాలి, కనీసం మామూలు ఉత్తరమో తలుపు మీద నోటీసో ఉండాలి అని కోర్టు చెప్పింది. ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఎవరి సంతకమూ లేకుండా కవరు తిరిగిరావడం ఆయనకు మేలు చేసింది. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న భార్య సంతకం చేసి తీసుకుని ఉంటే, తమకు ఏమీ తెలియలేదని అనడానికి రాష్ట్రానికి అవకాశం దొరికేది.

ఒహాయోలో సర్వీసు (సమన్లు అందజేయడం) చెల్లలేదని గెలిచినవారు లేరా అంటే ఉన్నారు. నేను చూసినంతలో వారు గెలిచింది సంతకం ఎవరిదన్న వాదనతో కాదు, తాము ఆ ఇంట్లో ఉండటం లేదన్న వాదనతో. మా దగ్గరికి వచ్చిన ఒక ఫైలులో ప్రతివాది భార్య నుంచి విడిపోయి ఏడాది దాటింది. సమన్లు పాత ఇంటికి వెళ్ళాయి, ఆవిడ సంతకం చేసి, ఆయనకు చెప్పలేదు. డిఫాల్ట్ తీర్పు (ప్రతివాది జవాబు ఇవ్వనందున వాది వైపు ఇచ్చే తీర్పు) వచ్చి జీతంలో కోత మొదలైన తరువాతే ఆయనకు సంగతి తెలిసింది. కొత్త అపార్ట్‌మెంటు లీజు, అతని పేరిట కరెంటు బిల్లులు, మార్చిన డ్రైవర్ లైసెన్సు, ఆవిడ ఇచ్చిన అఫిడవిట్, ఈ నాలుగూ జతచేస్తే న్యాయమూర్తి తీర్పు రద్దు చేశారు. సమన్లు అందకుండా ఇచ్చిన తీర్పు మొదటినుంచీ చెల్లనిదేనని ఒహాయో సుప్రీంకోర్టు 1988లోనే స్పష్టం చేసింది కనుక, అలాంటి తీర్పును ఎత్తివేయమని అడగడానికి మామూలు ఏడాది పరిమితి అడ్డురాదు. మీరు విడిపోలేదు, ఇల్లు మారలేదు, రెండు వారాలు ఊళ్ళో లేరు. ప్రయాణంలో ఉండటం వేరు, నివాసం మారడం వేరు.

సంతకమే లేదన్న వాదన నెగ్గిన సందర్భం ఒకటి మాత్రం నాకు బాగా గుర్తు. 2020లో కరోనా రోజుల్లో పోస్టుమ్యాన్లు దగ్గరికి రాకూడదని, సంతకం గీత మీద తామే ‘కోవిడ్ 19’ అనో ‘సీ19’ అనో రాసి పంపేవారు. ఆ రాత ‘ఏ వ్యక్తి’ సంతకమూ కాదని ఒహాయో మొదటి జిల్లా అప్పీలు కోర్టు 2021లో తేల్చింది. మీ కార్డు మీద మీ శ్రీమతి చేవ్రాలు స్పష్టంగా ఉంటే ఈ దారి మీకు లేదు.

ఇప్పుడు రాష్ట్రం మార్చి చూద్దాం. మీరు టెక్సాస్‌లో ఉండి ఉంటే ఇదే సంతకం మీకు రక్షణ అయ్యేది. అక్కడి సివిల్ ప్రొసీజర్ రూల్ 107 ప్రకారం సర్టిఫైడ్ మెయిల్‌తో సమన్లు పంపినప్పుడు చిరునామాదారు సంతకం ఉన్న రిటర్న్ రిసీట్ దాఖలు చేయాలి. ఇంటిపేరు ఒకటే అయినా సరే, భార్య సంతకంతో వచ్చిన కార్డు మీద తీసుకున్న డిఫాల్ట్ తీర్పు అక్కడ అప్పీలులో నిలవదు. కాలిఫోర్నియాలోనూ చిన్న మొత్తాల కోర్టులో క్లర్కు తపాలా ద్వారా పంపితే, ప్రతివాది రిటర్న్ రిసీట్ మీద సంతకం చేసిన రోజే అందినట్టు లెక్క, ఇంకొకరు చేస్తే కుదరదు. అదే కాలిఫోర్నియాలో రాష్ట్రం బయట ఉన్న ప్రతివాదికి రిటర్న్ రిసీట్‌తో పంపితే పదో రోజుకు సర్వీసు పూర్తయినట్టే. కానీ అతనికి నిజంగా చేరిందని సంతకంతోనో మరో సాక్ష్యంతోనో కోర్టును ఒప్పించాలి. ఆ ‘మరో సాక్ష్యం’ అన్న మాట చాటున భార్యల సంతకాల మీద ఎంతో వాదన నడుస్తుంది. డాలస్‌లో ఉన్న మీ బావమరిదికి భార్య సంతకం చెల్లలేదని రాశారు. ఆయన చెప్పినది ఆయన రాష్ట్రానికి నిజమే.

ఫెడరల్ కోర్టు దావాలకు రూల్ 4 ఉంది. అందులో ప్రతివాది ఇంట్లో నివసించే, తగిన వయసూ వివేకమూ ఉన్న వ్యక్తి చేతికి సమన్లు ఇవ్వవచ్చు. భార్య చేతికి ఇస్తే చక్కగా చెల్లుతుంది, కానీ అది మనిషి వచ్చి స్వయంగా ఇవ్వడం. తపాలాలో వచ్చినది ఆ రాష్ట్ర నియమం ఒప్పుకుంటేనే చెల్లుతుంది.

కోర్టు సమన్లు కాని ఉత్తరాల్లో భార్య సంతకం మీద ఎక్కువ తగాదా నడిచింది ఉద్యోగ వివక్ష కేసుల్లో. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ, దావా వేసుకోమని ఉత్తరం ఇచ్చాక 90 రోజుల్లో కోర్టుకు వెళ్ళాలి, ఆ 90 రోజులు ఉత్తరం అందిన నాటి నుంచి లెక్క. ఎవరికి అందిన నాటి నుంచి? 1974లో 5వ సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) ముందుకు వచ్చిన ఫ్రాంక్స్ కేసులో ఆ ఉత్తరాన్ని తొమ్మిదేళ్ళ మేనల్లుడు తీసుకుని పారేసుకున్నాడు. పిల్లవాడు తీసుకున్న రోజు లెక్కకు రాదని కోర్టు చెప్పింది. 1982లో 11వ సర్క్యూట్, 1985లో 5వ సర్క్యూట్ మాత్రం, భర్త ఊళ్ళో లేనప్పుడు భార్య తీసుకున్న రోజు నుంచే 90 రోజులు మొదలైనట్టు తేల్చాయి. భర్త వచ్చాక కూడా దావా వేయడానికి చాలినంత సమయం మిగిలే ఉంది కదా అన్నది వాటి వెనక ఉన్న తర్కం. 7వ సర్క్యూట్ అంతకుముందే 1978లో, భార్య తీసుకున్న రోజు కాదు, భర్త చేతికి వచ్చిన రోజే లెక్క అంది. ఆ తరువాత సుప్రీంకోర్టు 1990లో ఇర్విన్ కేసులో, న్యాయవాది విదేశంలో ఉన్నా ఆయన కార్యాలయానికి ఉత్తరం చేరిన రోజే గడువు మొదలైనట్టని చెప్పింది. ఈ తీర్పులన్నీ చదివాక నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఎవరు తీసుకున్నా, తీసుకున్న రోజునే క్యాలెండర్‌లో రాస్తాను.

ఆదాయపు పన్ను విషయంలోనైతే సంతకం చర్చే అనవసరం. పన్ను తక్కువ కట్టారని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పంపే లోటు నోటీసును తమకు ఆఖరుగా తెలిసిన మీ చిరునామాకు సర్టిఫైడ్ లేదా రిజిస్టర్డ్ మెయిల్‌లో పంపితే చాలు, దాన్ని టాక్స్ కోర్టులో సవాలు చేయడానికి ఉన్న 90 రోజుల గడువు పంపిన తేదీ నుంచే నడుస్తుంది. అమెరికా బయట ఉన్నవారి పేరిట అయితే 150 రోజులు. భార్య సంతకం చేసినా, ఎవరూ చేయకపోయినా, కవరు తిరిగి వెళ్ళినా ఆ లెక్క సాధారణంగా మారదు. భార్యాభర్తలు కలిసి రిటర్ను దాఖలు చేసి ఉంటే ఇద్దరికీ కలిపి ఒకే నోటీసు పంపవచ్చు. తాము వేరు వేరు ఇళ్ళలో ఉంటున్నామని ఇద్దరిలో ఒకరు తెలియజేసి ఉంటే మాత్రం ఇద్దరికీ విడివిడిగా పంపాలి. విడిపోయే దంపతుల్లో ఫారం 8822 నింపి చిరునామా మార్పు తెలియజేసేవారు తక్కువ, ఆ నిర్లక్ష్యానికి వారు చెల్లించే మూల్యం మాత్రం చాలా ఎక్కువ.

అద్దె ఒప్పందాలు, అమ్మకపు ఒప్పందాల కింద వచ్చే నోటీసులకు ఆ ఒప్పందంలోని నోటీసుల పేరానే చట్టం. ‘తపాలాలో వేసిన మూడో రోజున అందినట్టు భావించాలి’ అని మీరు సంతకం పెట్టి ఒప్పుకుని ఉంటే, పచ్చ కార్డు మీద ఎవరి సంతకం ఉన్నా దాని విలువ తక్కువే.

మీరు చివర్లో ఇంకో మాట అన్నారు, ‘ఆవిడ సంతకం చేయకుండా తిప్పి పంపి ఉండాల్సింది’ అని. దయచేసి ఆ కోపం ఆవిడ మీద చూపకండి, ఆవిడ వల్ల మీకు నష్టం జరగలేదు. సర్టిఫైడ్ కవరును నిరాకరించినా, పదిహేను రోజులు పోస్టాఫీసులో పడి ఉండి తిరిగి వెళ్ళినా, ఒహాయోలో వాది కోరితే క్లర్కు అవే సమన్లు మామూలు తపాలాలో పంపుతారు. అది తిరిగి రాకపోతే చాలు, పంపిన తేదీ నుంచే 28 రోజులు మొదలవుతాయి. అప్పుడు సంతకం మాటే ఉండదు. కవరు మీ పెట్టెలో మిగతా ప్రకటనల కాగితాల మధ్య పడి ఉండేది, మీకు తీర్పు వచ్చాక గాని తెలిసేది కాదు.

ఇక మీరు చేయవలసిన పని. రేపే ఆ కౌంటీ క్లర్కు వెబ్‌సైటులో మీ కేసు నంబరు కొట్టి డాకెట్ (కేసులో జరిగినవాటి పట్టిక) చూడండి, సర్వీసు అయినట్టు ఏ తేదీ వేశారో అక్కడ ఉంటుంది. పచ్చ కార్డు నకలు కూడా చాలా కౌంటీల్లో అక్కడే కనిపిస్తుంది. తేదీ మార్చి 6 అయితే ఏప్రిల్ 3 లోపల జవాబు దాఖలు కావాలి, దాని ప్రతి వాది న్యాయవాదికి కూడా పంపాలి. న్యాయవాదిని వెతుక్కోవడానికి సమయం చాలకపోతే, ఆ తేదీ దాటకముందే గడువు పొడిగించమని కోర్టుకు రాతపూర్వకంగా మోషన్ (అర్జీ) పెట్టుకోండి. గడువు లోపల అడిగితే న్యాయమూర్తులు సాధారణంగా కాదనరు, దాటాక అడిగితే ‘క్షమించదగిన నిర్లక్ష్యం’ అని నిరూపించుకోవాలి. ఒకవేళ సర్వీసులో నిజంగా లోపం ఉందని మీ న్యాయవాదికి అనిపిస్తే, ఆ అభ్యంతరాన్ని మొదటి జవాబులోనో మొదటి మోషన్‌లోనో రాయాలి. మొదట వేరే విషయాల మీద వాదించి తరువాత గుర్తుచేసుకుంటే ఆ హక్కు పోతుంది.

డిఫాల్ట్ తీర్పు వచ్చాక ఎత్తివేయించుకోవచ్చులే అని మాత్రం ఆగకండి. సర్వీసు సరిగా జరిగిన కేసులో తీర్పు ఎత్తివేయాలంటే మీకు గెలవదగిన వాదన ఉందని, ఆలస్యానికి చట్టం ఒప్పుకునే కారణం ఉందని, సహేతుకమైన సమయంలో వచ్చారని మూడూ చూపించాలి. వీటిలో ఒక్కటి తగ్గినా ఒహాయో కోర్టులు ఒప్పుకోవు. కాంట్రాక్టరు పని సగంలో వదిలేశాడని మీరు రాసినది బలమైన వాదనే. దానికి సంబంధించిన ఫొటోలు, మీ ఇద్దరి మధ్య నడిచిన మెసేజీలు, చెక్కుల నకళ్ళు ఒక చోట పెట్టుకోండి. కవరును కూడా పారేయకండి, దాని మీద ఉన్న పోస్టల్ ముద్ర తేదీ, ట్రాకింగ్ నంబరు మీ న్యాయవాది మొదట అడిగేవి అవే.